రోగం తగ్గాక వేసుకునే మందు

రక్తక్యాన్సర్ చికిత్సలో రెండు పనులుంటాయి. ఒకటి రోగాన్ని తగ్గించడం, రెండోది తగ్గిన రోగం మళ్లీ తలెత్తకుండా చూడటం. మొదటిది నెలా నెలన్నరలో తేలిపోతుంది. రెండోదానికి ఏళ్లు పడుతుంది. అక్యూట్ మైలాయిడ్ లుకేమియాలో, అంటే డాక్టర్లు పొట్టిగా ఏఎంఎల్ అనే జబ్బులో, మొదటి పనికి 1973 నాటికే దారి దొరికింది. రెండో పనికి ఆయుష్షు పెంచే మందు ఒకటి ఖాయంగా చేతికి రావడానికి 2020 దాకా ఆగాల్సి వచ్చింది. ఈ రెండో పనినే మెయింటెనెన్స్ చికిత్స అంటారు. దాని చరిత్ర మొదట్లో భీమవరంలో పుట్టిన ఒక శాస్త్రవేత్త ఉన్నారు, చివర్లో హైదరాబాద్ మందుల కంపెనీలు ఉన్నాయి. నడిమి కాలంలో ఎక్కువ భాగం పనిచేయని ప్రయత్నాలదే.

రక్తకణాలు తయారయ్యేది ఎముక మజ్జలో. ఏఎంఎల్ వచ్చినప్పుడు అక్కడి లేత తెల్లకణాలు ఎదగడం మానేసి, సంఖ్యలో మాత్రం పెరుగుతూ పోతాయి. వీటిని బ్లాస్టులంటారు. అవి మజ్జను ఆక్రమించేసరికి ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు, ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు మూడూ పడిపోతాయి. నీరసం, చిగుళ్ల నుంచి రక్తం, ఎన్ని మాత్రలు వేసినా తగ్గని జ్వరం. రోగి ఆస్పత్రి మెట్లెక్కేది వీటితోనే. జబ్బు బయటపడేనాటికి ఒంట్లో దాదాపు లక్ష కోట్ల లుకేమియా కణాలు ఉంటాయని ఒక అంచనా. కీమోథెరపీ తర్వాత మజ్జలో బ్లాస్టులు 5 శాతం లోపుకు దిగి, రక్తం కౌంట్లు మామూలు స్థాయికి చేరితే రోగి రెమిషన్‌లోకి వచ్చినట్టు. మైక్రోస్కోపు కింద చూస్తే జబ్బు కనిపించదు. కానీ లక్ష కోట్లలో 99.9 శాతం చచ్చినా వంద కోట్లు మిగిలే ఉంటాయి. మెయింటెనెన్స్ చరిత్ర అంతా ఆ మిగిలిన కణాల చుట్టూ తిరుగుతుంది.

లుకేమియాలో మొట్టమొదటి రెమిషన్లు తెచ్చిన మందు ఎల్లాప్రగడ సుబ్బారావు నడిపిన ప్రయోగశాల నుంచి వచ్చింది. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదువుతుండగా ఖద్దరు కట్టడం బ్రిటిష్ ప్రొఫెసరుకు నచ్చక, ఎంబీబీఎస్‌కు బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1921లో ఇద్దరు అన్నదమ్ములను కొద్దిరోజుల తేడాతో ఆయన పోగొట్టుకున్నారు. వాళ్లను తీసుకుపోయింది స్ప్రూ అనే పేగుల వ్యాధి. తిన్నది ఒంటపట్టక, రక్తం తగ్గి, మనిషి శుష్కించిపోయే జబ్బది. కొంతకాలం డాక్టర్ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి, 1922 అక్టోబరులో సుబ్బారావు బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలోనూ మూత్రంలోనూ భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది ఇప్పటికీ ఇద్దరి పేర్లతోనే చెలామణీలో ఉంది. ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ పరిశోధనలు ఆ తర్వాతివి. ఇంత చేసినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి మారి, త్వరలోనే పరిశోధనల డైరెక్టరయ్యారు.

లెడర్లీలో ఆయన బృందం తలకెత్తుకున్న పెద్ద పని ఫోలిక్ ఆమ్లం. ఈ విటమిన్ జాడ మొదట తెలిసింది భారతదేశంలోనే. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే బ్రిటిష్ వైద్యురాలు బొంబాయిలోని పేద గర్భిణులకు వచ్చే ఒక రకం రక్తహీనత ఈస్ట్ సారంతో తగ్గుతుందని చూపించారు. ఆ సారంలో ఉన్న పదార్థం ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. లెడర్లీ బృందం దాన్ని కృత్రిమంగా తయారుచేసిన సంగతి 1945లో ప్రకటించింది. సుబ్బారావు అన్నదమ్ములను మింగిన స్ప్రూకి అదే మందయింది, పాతికేళ్లు ఆలస్యంగా.

కణం చీలి రెండవ్వాలంటే కొత్త డీఎన్ఏ కావాలి. డీఎన్ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. బోస్టన్ పిల్లల ఆస్పత్రిలో పాథాలజిస్టుగా ఉన్న సిడ్నీ ఫార్బర్ లెడర్లీ నుంచి ఫోలిక్ ఆమ్లం జాతి పదార్థాలు తెప్పించి లుకేమియా రోగులకు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గకపోగా ఊపందుకుంది. ఆ చేదు అనుభవం నుంచే తిరుగు ఆలోచన పుట్టింది. పోలికలో ఫోలిక్ ఆమ్లంలాగే ఉండి, పని మాత్రం జరగనివ్వని పదార్థం ఇస్తే? అలాంటివాటిని సుబ్బారావు బృందంలోని రసాయన శాస్త్రవేత్తలు ఒకదాని తర్వాత ఒకటి తయారుచేసి పంపారు. వాటిలో అమినోప్టెరిన్ పనిచేసింది. 1948 జూన్ 3 నాటి న్యూ ఇంగ్లండ్ వైద్య పత్రికలో ఫార్బర్ ఫలితాలు ప్రకటించారు. బాగా జబ్బుపడిన 16 మంది పిల్లలకు మందు ఇస్తే 10 మందిలో గుణం కనిపించింది. ఈ రెమిషన్లు తాత్కాలికమని ఆయన దాచలేదు. శీర్షికలోనే రాశారు. ఆ పిల్లల్లో జబ్బు తిరిగొచ్చింది.

అదే ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో సుబ్బారావు నిద్రలోనే కన్నుమూశారు. అమినోప్టెరిన్‌కు తమ్ముడిలాంటి మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీలోనే పుట్టింది. విషప్రభావం కాస్త అదుపులో ఉండటంతో డాక్టర్లు దానివైపే మొగ్గారు. కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునే మాత్రగా అది తెలుగు ఇళ్లకు బాగా పరిచయం. ఆ మాత్రకూ భీమవరానికీ ఉన్న సంబంధం వేసుకునేవారిలో చాలామందికి తెలియకపోవచ్చు.

రెమిషన్‌లో ఉన్న రోగికి, అంటే చూడటానికి బాగానే ఉన్న మనిషికి, విషంలాంటి మందు కొనసాగించడం సబబేనా? ఈ ప్రశ్నకు మొదటి గట్టి జవాబు 1963లో వచ్చింది. అమెరికాలో ఎమిల్ ఫ్రైరైక్ బృందం స్టెరాయిడ్లతో రెమిషన్‌లోకి వచ్చిన 42 మందిని 21 జంటలుగా చేసింది. ప్రతి జంటలో ఒకరికి 6-మెర్కాప్టోప్యూరిన్, రెండోవారికి మందులేని ఉత్త మాత్ర. 6-ఎంపీ అని పిలిచే ఈ మందును గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ తయారుచేశారు. 1988లో వీరికి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఉత్త మాత్ర వేసుకున్న 21 మందిలోనూ 23 వారాల లోపే జబ్బు తిరగబెట్టింది. 6-ఎంపీ వైపు ప్రయోగం ముగిసేనాటికి తిరగబెట్టింది తొమ్మిది మందిలో మాత్రమే. స్టాటిస్టిక్స్ చదివే విద్యార్థులు ఈ 42 మంది లెక్కలను ఇప్పటికీ అభ్యాసంగా చేస్తుంటారు. 1972లో డేవిడ్ కాక్స్ తన ప్రసిద్ధ పద్ధతిని వివరించడానికి ఎంచుకున్నది కూడా వీటినే.

అయితే ఈ విజయం అక్యూట్ లింఫోబ్లాస్టిక్ లుకేమియాది, అంటే పిల్లల్లో ఎక్కువగా కనిపించే ఏఎల్ఎల్‌ది. మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డొనాల్డ్ పింకెల్ 1960లలో దాన్ని పూర్తి చికిత్సగా మలిచారు. రోజూ 6-ఎంపీ, వారానికోసారి మెథోట్రెక్సేట్, రెండు మూడేళ్ల పాటు. ఆ దశాబ్దం చివరికి వచ్చేసరికి సగం మంది పిల్లలకు జబ్బు పూర్తిగా నయమయ్యే స్థితి వచ్చింది. హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఏఎల్ఎల్ పిల్లలకు ఇచ్చే మెయింటెనెన్స్‌కు నేటికీ వెన్నెముక ఆ రెండు మాత్రలే.

పెద్దవాళ్ల జబ్బయిన ఏఎంఎల్ ఈ దారికి రాలేదు. దాన్ని తగ్గించే మందులే వేరు. సైటరాబీన్‌కు మూలం సముద్రపు స్పంజిలో దొరికిన పదార్థం. అమెరికాలో 1969లో దానికి అనుమతి వచ్చింది. రెండోది డౌనోరుబిసిన్, నేలలోని సూక్ష్మజీవి నుంచి తీసిన ఎర్రటి మందు. ఏడు రోజులు సైటరాబీన్ సెలైన్, అందులో మూడు రోజులు డౌనోరుబిసిన్. 1973లో వెలువడిన ఈ పద్ధతిని డాక్టర్లు సెవెన్ ప్లస్ త్రీ అంటారు. యాభై ఏళ్లు దాటినా మొదటి చికిత్సగా దాని స్థానం చెక్కుచెదరలేదు. ఒంటి బలం ఉన్న రోగుల్లో 60 నుంచి 70 శాతం మంది దీంతో రెమిషన్‌లోకి వస్తారు. ఆ తర్వాత ఏమీ ఇవ్వకుండా వదిలేస్తే ఎక్కువమందిలో జబ్బు కొన్ని నెలల్లోనే తిరిగొస్తుంది.

కాబట్టి ఏఎల్ఎల్‌లో ఫలించిన సూత్రాన్నే ఇక్కడా ప్రయోగించి చూశారు. 1970లు, 80ల పొడుగునా నెలకో ఐదు రోజులు తక్కువ మోతాదు సైటరాబీన్, దానికి తోడు మరో మందు, ఇలా ఏళ్ల తరబడి ఇచ్చేవారు. జర్మనీలో థామస్ బుష్నర్ నాయకత్వంలోని బృందం మూడేళ్ల మెయింటెనెన్స్‌తో రెమిషన్ ఎక్కువకాలం నిలుస్తుందని 1985లో చెప్పింది. అమెరికాలో 1988లో మరో ప్రయోగం కూడా అదే మాట అంది. ఇంత జరిగినా ఆ పద్ధతి నిలదొక్కుకోలేదు. రెమిషన్ నిడివి పెరిగినంతగా ఆయుష్షు పెరిగినట్టు లెక్కల్లో తేలకపోవడం ఒక కారణం. ప్రతినెలా కౌంట్లు పడిపోవడం, జ్వరాలు, రక్తం ఎక్కించుకోవడం రెండో కారణం. బాగున్న రోజులను ఆస్పత్రిలో గడిపి కొన్న నెలలు ఎవరికి లాభమన్న సందేహం అప్పటి డాక్టర్లకే వచ్చింది. అది న్యాయమైన సందేహమే.

అదే కాలంలో మరో వింత ప్రయత్నం సాగింది. చంటిబిడ్డ భుజం మీద మచ్చ వదిలే బీసీజీ టీకాతో ఒంట్లోని రోగనిరోధక శక్తిని రెచ్చగొడితే అది మిగిలిన లుకేమియా కణాల పని పడుతుందని ఒక ఆశ. పారిస్‌లో జార్జ్ మాతే ఏఎల్ఎల్‌లో మొదలుపెట్టారు. లండన్‌లో రే పౌల్స్ తదితరులు ఏఎంఎల్ రోగులకు బీసీజీతో పాటు రేడియేషన్‌తో చంపిన లుకేమియా కణాలను కూడా ఎక్కించారు. తొలి ఫలితాలు ఉత్సాహపరిచాయి. పెద్ద ప్రయోగాలు ఆ ఉత్సాహాన్ని నిలబెట్టలేదు. ఇమ్యూనిటీ మీద ఆశ మాత్రం చావలేదు. ఇంటర్‌ల్యూకిన్-2 ఒక్కదాన్నే ఇచ్చిన ప్రయోగాలు విఫలమైనా, దానికి హిస్టమిన్ డైహైడ్రోక్లోరైడ్ జోడించిన చికిత్సకు 2008లో యూరప్ అనుమతిచ్చింది. అమెరికా ఇవ్వలేదు. ఎక్కడా అది పెద్దగా వాడుకలోకి రాలేదు.

మెయింటెనెన్స్‌ను వెనక్కి నెట్టింది నిజానికి మరో రెండు చికిత్సలు. రెమిషన్ రాగానే అతి పెద్ద మోతాదు సైటరాబీన్‌ను కొన్ని విడతలు ఇస్తే, 60 ఏళ్లలోపు వారిలో నాలుగేళ్ల తర్వాత కూడా 44 శాతం మంది రెమిషన్‌లోనే ఉంటారని అమెరికన్ బృందం ఒకటి 1994లో చూపించింది. మామూలు మోతాదులో అది 24 శాతమే. రెండోది ఎముక మజ్జ మార్పిడి. డోనల్ థామస్‌కు 1990లో నోబెల్ తెచ్చిన ఈ చికిత్స మన దేశంలో 1983లో ముంబై టాటా మెమోరియల్ ఆస్పత్రిలో మొదలైంది, 1986లో వెల్లూరు సీఎంసీకి వచ్చింది. పెద్ద దెబ్బ కొట్టగలిగినప్పుడు చిన్న దెబ్బలు ఏళ్ల తరబడి కొట్టడమెందుకన్నది ఆనాటి వాదన. వయసు మళ్లినవారు, పెద్ద దెబ్బ తట్టుకోలేనివారు ఆ వాదనలో కనిపించకుండా పోయారు. ఏఎంఎల్ ఎక్కువగా వచ్చేది వాళ్లకే.

ఒక్క ఉపజాతి విషయంలో మాత్రం మెయింటెనెన్స్ దర్జాగా నిలబడింది. అది ఏపీఎల్, అంటే ప్రోమైలోసైటిక్ లుకేమియా. ఏఎంఎల్ రకాలన్నిటిలోకీ ముందు రోజుల్లో ప్రాణం తీయడంలో ఇది దిట్ట. రక్తం గడ్డకట్టక మెదడులో స్రావమై రోగి రోజుల్లో చనిపోయేవాడు. 1980ల్లో షాంఘైలో వాంగ్ జెన్‌యీ బృందం విటమిన్-ఏ జాతికి చెందిన ఏటీఆర్ఏ అనే మాత్రతో ఈ బ్లాస్టులు చావకుండానే ఎదిగి మామూలు కణాల్లా మారతాయని కనిపెట్టింది. ఫ్రాన్స్‌లో పియర్ ఫెనో నడిపిన యూరప్ ప్రయోగం 1999లో మెయింటెనెన్స్ సంగతి తేల్చింది. మూడు నెలలకోసారి పదిహేను రోజులు ఏటీఆర్ఏ, దాంతోపాటు రోజూ 6-ఎంపీ, వారానికోసారి మెథోట్రెక్సేట్ ఇస్తే జబ్బు తిరగబెట్టడం బాగా తగ్గింది. పెర్ల్ రివర్ మందుకు ఏఎంఎల్ కుటుంబంలో చోటు దొరకడానికి అలా యాభై ఏళ్లు పట్టింది.

ఏపీఎల్ కథలో వెల్లూరుకూ భాగముంది. రాయలసీమ నుంచి, నెల్లూరు నుంచి, ఇంకా దూరపు తెలుగు జిల్లాల నుంచి కూడా రోగులు తరతరాలుగా వెళ్తున్న ఆస్పత్రి అది. ఏటీఆర్ఏ కొనలేని రోగులకు ఏమివ్వాలన్నది అక్కడి డాక్టర్ల ముందున్న ప్రశ్న. చైనాలోని హార్బిన్‌లో మొదలైన పాషాణం చికిత్సను, అంటే ఆర్సెనిక్ ట్రయాక్సైడ్‌ను, విక్రమ్ మాథ్యూస్, అలోక్ శ్రీవాస్తవ తదితరులు ఒంటరి మందుగా వాడారు. రోగం తగ్గాక ఆరు నెలల పాటు నెలకు పది రోజులు అదే మందు మెయింటెనెన్స్‌గా ఇచ్చారు. 72 మంది రోగుల ఫలితాలను 2006లో ప్రచురించారు. 86 శాతం మందికి పూర్తి రెమిషన్ వచ్చింది, వచ్చినవారిలో అత్యధికులకు అది నిలిచింది. డబ్బులేక ఎంచుకున్న దారి ప్రపంచానికి పాఠమవడం వైద్యంలో అరుదు. తర్వాత ఏటీఆర్ఏ, పాషాణం రెండూ కలిపి ఇవ్వడంతో, ముప్పు తక్కువున్న ఏపీఎల్ రోగులకు మెయింటెనెన్స్ అవసరమే లేకుండా పోయింది.

మిగతా ఏఎంఎల్‌కు మందు ప్రాగ్ నుంచి వచ్చింది. 1964లో చెకోస్లొవేకియా శాస్త్రవేత్తలు పిస్కాలా, షోర్మ్ అజాసిటిడిన్ తయారుచేశారు. మొదట్లో దాన్నీ కణాలను చంపే మామూలు మందుగానే వాడారు. 1980లో పీటర్ జోన్స్, షర్లీ టేలర్ దాని రెండో గుణం పట్టుకున్నారు. డీఎన్ఏ మీద మిథైల్ గుర్తులు పడకుండా ఆపి, మూతపడ్డ జన్యువులను అది మళ్లీ తెరిపిస్తుంది. మోతాదు తగ్గించి ఎక్కువకాలం ఇస్తే ఈ రెండో గుణమే పైకి వస్తుంది. చిన్న మోతాదు, దీర్ఘకాలం. మెయింటెనెన్స్‌కు ఇంతకంటే తగిన స్వభావం ఉండదు. మైలోడిస్‌ప్లాసియా అనే మజ్జ వ్యాధికి అజాసిటిడిన్ ఇంజెక్షన్‌ను 2004లో అమెరికా అనుమతించింది. 60 దాటిన ఏఎంఎల్ రోగులకు రెమిషన్‌లో అదే ఇంజెక్షన్ ఇచ్చిన నెదర్లాండ్స్ ప్రయోగం 2019లో వెలువడింది. జబ్బు తిరగబెట్టడం ఆలస్యమైంది, ఆయుష్షు మాత్రం పెరిగినట్టు తేలలేదు. పాత కథే మళ్లీ వచ్చినట్టయింది.

దాన్ని మార్చింది మాత్ర. అజాసిటిడిన్ నీళ్లలో నిలవదు. కలిపిన గంట లోపే ఇచ్చేయాలి, నెలకు ఏడు రోజులు ఆస్పత్రికి రావాలి. నోటి ద్వారా ఇస్తే ఒంటికి చేరేది పదో వంతుకు కాస్త ఎక్కువ మాత్రమే. ఆ కొద్దిపాటినే నెలలో పద్నాలుగు రోజులు ఇస్తే కణాల మీద దాని ప్రభావం ఎక్కువ రోజులు ఉంటుందన్న లెక్కతో 300 మిల్లీగ్రాముల మాత్ర తయారైంది. మెల్‌బోర్న్‌కు చెందిన ఆండ్రూ వెయ్ నడిపిన క్వాజర్ ప్రయోగంలో 55 ఏళ్లు పైబడి, రెమిషన్‌లో ఉండి, మజ్జ మార్పిడికి వెళ్లలేని 472 మంది పాల్గొన్నారు. మాత్ర వేసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 24.7 నెలలు, ఉత్త మాత్రవారిది 14.8 నెలలు. పది నెలల తేడా చిన్నదిగా అనిపించవచ్చు. మార్పిడి దాకా వెళ్లలేని ఏఎంఎల్ రోగులకు మెయింటెనెన్స్ ఆయుష్షు పెంచిందని ఇంత స్పష్టంగా తేలడం మాత్రం అదే మొదలు. 2020 సెప్టెంబరు 1న అమెరికా అనుమతి వచ్చింది. ఈ మాత్రను ఇంజెక్షన్‌కు మారుగా లెక్కగట్టి వాడకూడదు. రెండిటి మోతాదు వేరు, ఒంట్లో పనిచేసే తీరూ వేరు.

ఇంజెక్షన్, మాత్రల మధ్య తేడా విలువ ఊరిని బట్టి ఉంటుంది. యాప్రాల్ లాంటి ఉత్తర శివారు నుంచి హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రికి వెళ్లాలంటే కంటోన్మెంట్, సికింద్రాబాద్ దాటి నగరం నడిబొడ్డుకు పోవాలి. మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద 1955లో మొదలైన ఈ ప్రభుత్వ ఆస్పత్రి పేద రోగులకు దశాబ్దాలుగా పెద్ద దిక్కు. తెల్లకణాలు తక్కువున్న మనిషి కిక్కిరిసిన బస్సులో నెలకు ఏడు రోజులు రానూపోనూ తిరగడమే ఒక ప్రమాదం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం తెల్లకార్డు కుటుంబాలకు లుకేమియా కీమోథెరపీ ఖర్చు భరించింది. దారి ఖర్చు, కూలి పోయిన రోజులు, ఇన్ఫెక్షన్ భయం ఏ పథకం లెక్కలోకీ రావు. ముంబై టాటా మెమోరియల్‌లో ఏఎంఎల్ పిల్లలకు తక్కువ మోతాదు నోటి మాత్రలు ఇచ్చే పద్ధతిని ప్రయత్నించడానికి కూడా ఇలాంటి ఇబ్బందులే దారితీశాయి.

ఇక మందు ధర. ఇందులో హైదరాబాద్ ఉత్తర శివారుల్లోని మేడ్చల్ ప్రాంతానికి సొంత చరిత్ర ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐడీపీఎల్ సోవియట్ సాయంతో 1960లలో బాలానగర్‌లో సింథటిక్ మందుల కర్మాగారం పెట్టింది. కెమిస్టులను తయారుచేసిన బడి అది. 1970 పేటెంట్ చట్టం మందుకు కాకుండా తయారీ పద్ధతికే పేటెంట్ ఇవ్వడంతో, అదే మందును మరో పద్ధతిలో చేసుకునే వీలు కలిగింది. ఐడీపీఎల్‌లో పనిచేసి బయటికొచ్చిన వాళ్లు జీడిమెట్ల, బొల్లారం షెడ్లలో ఆ వీలును పరిశ్రమగా మార్చారు. వాళ్లలో కల్లం అంజిరెడ్డి ఒకరు. 1984లో ఆయన పెట్టిన డాక్టర్ రెడ్డీస్ కంపెనీ 2013లో అజాసిటిడిన్ ఇంజెక్షన్ జెనరిక్‌ను అమెరికా మార్కెట్లోనే ప్రవేశపెట్టింది. మేడ్చల్ దగ్గర శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చి ధర నేలకు దించింది. యాప్రాల్‌కు ఉత్తరాన, కరీంనగర్ రోడ్డు మీద శామీర్‌పేట దాటితే వచ్చే తుర్కపల్లి చుట్టూ జీనోమ్ వ్యాలీ వెలిసింది ఆ దశాబ్దం చివర్లోనే.

ధరల పోరులో అందరికంటే ముందు నిలిచినది నన్నపనేని వెంకయ్య చౌదరి 1981లో స్థాపించిన నాట్కో. బేయర్ కంపెనీ సోరాఫెనిబ్ మాత్రలను కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు నెలకు రూ.2.80 లక్షల ధరకు అమ్ముతుండగా, అదే మందును రూ.8,800 చిల్లరకు ఇస్తామంటూ నాట్కో 2011లో దరఖాస్తు పెట్టింది. 2012 మార్చి 9న పేటెంట్ కంట్రోలర్ పి.హెచ్. కురియన్ దేశంలో మొదటి కంపల్సరీ లైసెన్స్ మంజూరు చేశారు. అమ్మకాల మీద బేయర్‌కు 6 శాతం రాయల్టీ ఇవ్వాలన్నారు. అప్పీలులో అది 7 శాతమైంది. బేయర్ సుప్రీంకోర్టు దాకా వెళ్లినా 2014 డిసెంబరులో ఆ దారీ మూసుకుపోయింది. లైసెన్స్ మాత్రం ఆ రెండు క్యాన్సర్లకే పరిమితం.

సోరాఫెనిబ్‌కూ లుకేమియాకూ లంకె ఎఫ్ఎల్‌టీ3 అనే జన్యువు. ఏఎంఎల్ రోగుల్లో దాదాపు మూడోవంతు మందిలో ఇది దెబ్బతిని ఉంటుంది. వాళ్లలో జబ్బు త్వరగా తిరగబెడుతుంది. ఆ జన్యువు తయారుచేసే ఎంజైమును అడ్డుకునే గుణం సోరాఫెనిబ్‌కు ఉంది. మజ్జ మార్పిడి అయిన ఎఫ్ఎల్‌టీ3 రోగులకు మెయింటెనెన్స్‌గా దాన్ని ఇచ్చిన రెండు ప్రయోగాలు 2020లో వెలువడ్డాయి. జర్మనీ, ఆస్ట్రియాలలో 83 మందితో జరిగిన ప్రయోగంలో రెండేళ్లకు జబ్బు తిరగబెట్టకుండా బతికున్నవారు మందు వైపు 85 శాతం, ఉత్త మాత్ర వైపు 53 శాతం. చైనాలో 202 మందితో జరిగినదీ అదే దిశలో తేలింది. మన దేశంలో సోరాఫెనిబ్ పేటెంట్ గడువు తీరింది కూడా ఆ ఏడాదే. కాలేయ క్యాన్సర్ కోసం జరిగిన పోరాటం వల్ల చవకైన మాత్ర లుకేమియా డాక్టర్లకు అవసరమయ్యేనాటికి బజారులో సిద్ధంగా ఉంది. ఎవరూ అలా అనుకుని చేయలేదు.

ఎఫ్ఎల్‌టీ3 మీద పనిచేసే కొత్త మందులు ఇంకొన్ని వచ్చాయి. మిడోస్టారిన్‌ను కీమోతో కలిపి ఇచ్చి, తర్వాత ఏడాది కొనసాగించిన 717 మంది ప్రయోగం 2017లో ఆ మందుకు అనుమతి తెచ్చింది. మేలు చేసింది కీమోతో కలిసిన మోతాదా, తర్వాతి ఏడాదా అన్నది ఆ ప్రయోగం విడదీసి చూపలేకపోయింది. అందుకే యూరప్ దాన్ని మెయింటెనెన్స్‌కూ ఒప్పుకుంది, అమెరికా ఒప్పుకోలేదు. 2023లో వచ్చిన క్విజార్టినిబ్‌ను మూడేళ్ల దాకా కొనసాగించవచ్చు.

గిల్టెరిటినిబ్‌తో 356 మంది మీద జరిగిన మార్ఫో ప్రయోగం అన్నిటికంటే ఆలోచింపజేసేది. మజ్జ మార్పిడి తర్వాత అందరికీ ఆ మాత్ర ఇస్తే మొత్తం మీద తేడా తేలలేదు. కానీ మార్పిడికి ముందో తర్వాతో సూక్ష్మ పరీక్షలో లుకేమియా జాడ మిగిలి ఉన్నవారిని వేరు చేసి చూస్తే లాభం స్పష్టంగా కనిపించింది. జాడ లేనివారికి మందు వల్ల దక్కింది దుష్ఫలితాలే. ఎంఆర్‌డీ అనే ఈ పరీక్ష లక్షల కణాల మధ్య ఒకటీ అరా మిగిలినా పట్టగలదు. ఫార్బర్ కాలం నుంచి రెమిషన్‌ను మైక్రోస్కోపుతో తేల్చినవాళ్లకు మిగిలిన వంద కోట్ల కణాలు ఎవరిలో ఉన్నాయో, ఎవరిలో లేవో తెలిసే వీల్లేదు. అందరికీ మందు ఇవ్వడమో, ఎవరికీ ఇవ్వకపోవడమో తప్ప వాళ్లకు మూడో దారి ఉండేది కాదు. 1980ల ప్రయోగాల్లో లాభం మసకగా కనిపించడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

భారతదేశపు ఆస్పత్రులకు వచ్చే ఏఎంఎల్ రోగులు పాశ్చాత్య దేశాల రోగులకంటే వయసులో చిన్నవాళ్లు. క్వాజర్ ప్రయోగం 55 దాటినవారి మీద జరిగింది. నలభై ఏళ్ల రోగికి మజ్జ ఇచ్చే దాత దొరక్కపోతే, లేదా మార్పిడి ఖర్చు అందకపోతే ఏం చేయాలన్నది ఇక్కడి డాక్టర్లు రోజూ ఎదుర్కొనే ప్రశ్న. అలాంటి రోగికి అజాసిటిడిన్ మాత్ర ఎంత మేలు చేస్తుందో ఆ ప్రయోగం నుంచి నేరుగా తీసి చెప్పడం కుదరదు. ఎన్ని నెలలు వేసుకోవాలన్నదానికీ ఒకే జవాబు లేదు. క్వాజర్‌లో జబ్బు తిరగబెట్టేదాకానో, ఒళ్లు తట్టుకోలేనిదాకానో కొనసాగించారు. ఎఫ్ఎల్‌టీ3 మాత్రలకు రెండేళ్లని, మూడేళ్లని ఆయా ప్రయోగాలు పెట్టుకున్న గడువులే ఇప్పటికి ఆధారం.